పీచు తీసిన చేయి

ఎనిమిది రోజుల సెలవు ముగించుకుని వచ్చిన శుభ్రమ్మ చెప్పులు బయట విప్పి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఇంక్యుబేటర్ తలుపు తీసింది. పై అరలోని మొదటి డిష్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని "అయ్యో, నా తల్లీ!" అంది. ఇల్లు కాలినవాళ్ళు కూడా అంత బాధగా అనరు.

డిష్ అడుగంతా మసకగా ఉంది. రెండోదీ అంతే. పన్నెండూ అంతే.

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. ఎవరో విద్యార్థి సరదాకు అన్న పేరు అలా నిలిచిపోయింది. పిలిచేవాళ్ళకు నవ్వు, ఆవిడకు లోలోపల కాస్త గర్వం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసినప్పుడు కోసిన గడ్డలోంచి చిన్న ముక్క ఐస్ పెట్టెలో ఈ ల్యాబుకు వస్తుంది. పేరుండదు, ఒక నంబరుంటుంది. దాన్ని ఆవగింజంత ముక్కలుగా తరిగి, కణాలను విడదీసి, డిష్‌లో మీడియం అనే పోషక ద్రవం పోసి పెంచడం ఆవిడ పని. గడ్డంటే ఉత్త క్యాన్సర్ కణాలే కాదు. వాటి చుట్టూ పీచు కణాలు అల్లుకుని ఉంటాయి. గాయమైన చోట చేరి కండను అతికించే జాతి అది. మైక్రోస్కోపులో సన్నగా, పొడుగ్గా, దువ్విన జుట్టులా ఒకే వైపు వాలి కనిపిస్తాయి. ల్యాబుకు అవి అక్కర్లేదు, కలుపు మొక్కల కింద లెక్క. ఎంజైము పోసి రెండు నిమిషాలు ఆగి, డిష్ పక్కన వేలితో తడితే ముందుగా పట్టు వదిలేది పీచే. తేలినదాన్ని పీల్చి పారేయాలి. కాస్త ఆలస్యమైతే కావలసిన కణాలు కూడా లేచిపోతాయి. ఎక్కడ ఆపాలో తెలియడంలోనే శుభ్రమ్మ చేతి గొప్పంతా ఉంది.

"ఏమయ్యా నిదానం, ఇవి డిష్‌లా, బూజు పట్టిన మూలలా?" అని పక్క ల్యాబు వైపు కేకేసింది.

ఆవిడ సెలవులో ఉన్నప్పుడు ఈ డిష్‌లు చూసుకోమని అప్పగించింది పక్క ల్యాబు టెక్నీషియన్ నిదానానికే. అతను టీ కప్పు కింద పెట్టి, కోటు వెతుక్కుని, తొడుక్కుని వచ్చేసరికి ఐదు నిమిషాలు పట్టింది.

"మీడియం మార్చమన్నారు. మార్చాను అక్కా."

"మరి పీచు?"

"తీద్దామనే అనుకున్నాను. బుధవారం అనుకుంటే శుక్రవారమైంది. శుక్రవారం అనుకుంటే ఇదిగో, మీరే వచ్చేశారు."

"నిన్నని ఏం లాభం? నీకు అప్పజెప్పినందుకు నన్ననాలి."

బ్లీచ్ తొట్టి ముందుకు లాక్కుని, ఒక్కో డిష్ మూత తీసి అందులో ముంచడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోదాన్ని ముంచబోయి ఆగింది.

"ఇలా రా. నీ నిర్వాకం నీ కళ్ళతోనే చూద్దువుగాని."

మైక్రోస్కోపు కింద పెట్టి, అతనికి చూపించే ముందు తను కన్ను ఆన్చి మర తిప్పింది. పీచు ఒత్తుగా, చాపలా అల్లుకుని ఉంది. తిట్టడానికి నోరు తెరిచింది. ఆ అల్లిక మధ్యలో గుండ్రంగా, అంచులు మెరుస్తూ, ఒకదాన్నొకటి హత్తుకున్న కణాల ముద్ద ఒకటి కనిపించింది. డిష్ కొంచెం జరిపింది. ఇంకొకటి. మళ్ళీ జరిపింది. మూడు, నాలుగు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

"ఎలా ఉంది అక్కా?" అన్నాడు నిదానం వెనక నుంచి.

"ఏమీ కనబడటం లేదు. లైటు బాగాలేదు. నువ్వెళ్ళు, టీ చల్లారిపోతుంది."

అతను సంతోషంగా వెళ్ళిపోయాడు. శుభ్రమ్మ మిగిలిన తొమ్మిది డిష్‌లనూ ఒక్కొక్కటిగా చూసి, ఒక్కొక్కటిగా లోపల పెట్టి తలుపు మూసింది. తొట్టిలో మూడు డిష్‌లు అప్పటికే తెల్లగా పాలిపోయాయి.

*

ఆ ముద్దల కోసం ల్యాబులోని విద్యార్థిని చిట్టి రెండేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది. గడ్డలో నూటికి ఒకటో రెండో విత్తనపు కణాలుంటాయి. మందుకు మిగతావన్నీ చచ్చినా అవి తలవంచుకుని బతికి, కొన్నాళ్ళకు మళ్ళీ మొలుస్తాయి. తగ్గిందనుకున్న జబ్బు తిరగబెట్టడానికి కారణం అవే. వాటిని డిష్‌లో నిలబెట్టి, ఏ మందుకు లొంగుతాయో చూడడం ఆ అమ్మాయి పరిశోధన. మొదటి రోజుల్లో ఒకటీ అరా ముద్ద కనబడేది. మూడోసారి కొత్త డిష్‌లోకి మార్చేసరికి మాయమయ్యేది. కణాలు ఉండేవి, విత్తనం ఉండేది కాదు.

శుక్రవారం మీటింగు. అందులో చిట్టి ఉండాలో, పోవాలో ల్యాబు నడిపే పెద్ద మేడమ్ తేలుస్తుంది. మీటింగుకు ముందు రెండు వారాలు డిష్‌లు ముట్టుకోకుండా, ఇన్నాళ్ళూ చేసిందంతా రాసుకు రమ్మని ఆవిడ చెప్పడంతో ఆ పిల్ల లైబ్రరీలో కూర్చుని రాస్తోంది.

కిందటి నెల మేడమ్ ఆ పిల్ల ఎదుటే అడిగింది: "నీ దగ్గర నుంచి కణాలు బాగానే వెళ్తున్నాయా శుభ్రమ్మా?"

"నా వైపు లోటేమీ లేదు మేడమ్. అద్దంలా ఇస్తున్నాను."

అబద్ధం కాదు. కానీ ఆ మాట పడాల్సిన చోట పడింది. చిట్టి తలదించుకుని తన చేతులు చూసుకుంది.

ఇప్పుడు ఆ అద్దమే శుభ్రమ్మకు ఎదురు తిరిగింది. గోడ మీద అంటించిన కాగితంలో పీచు తీయడం ఒక్కసారే అని ఉంది, అదీ మొదటిసారి డిష్ మార్చేటప్పుడు. శుభ్రమ్మ రోజూ తీసేది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, చిట్టి డిష్‌లు తెరిచి, కొత్తగా తలెత్తిన పీచును ఏరేసి, మూతలు పెట్టేసి, ఏమీ ఎరగనట్టు తన పనిలో పడేది. పాపం, రెండు బస్సులు మారి వచ్చే పిల్ల, డిష్ తెరవగానే కళ్ళకు ఇంపుగా ఉండాలని. ఎవరూ అడగలేదు. ఎక్కడా రాయలేదు. చేసిన మేలు చెప్పుకుంటే అది మేలెలా అవుతుంది?

కాబట్టి చిట్టి నోటుపుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా తప్పు దొరకదు. తప్పు అందులో లేదు. అది తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కతే.

*

ఇంట్లో అత్తగారు నల్లద్దాలు పెట్టుకుని, కంటి ఆపరేషన్ అయిన రాజసంతో కుర్చీలో కూర్చుని ఉంది. శుభ్రమ్మ చేతులు కడుక్కుని ఆవిడ తల వెనక్కి వాల్చి, కంట్లో మందు చుక్క వేసింది. చుక్క చెంప మీద పడింది.

"ఏమ్మాయ్, ఎనిమిది రోజులూ గురి తప్పలేదు. ఇవాళ ఎవరి కన్ను అనుకున్నావు?"

"కదలకండి అత్తయ్యా."

నీళ్ళ మోటార్లు బాగుచేసే భర్త అప్పుడే వచ్చి, గ్రీజు చేతులతో తలుపు పట్టుకోబోయి, భార్యను చూసి చేతులు పైకెత్తేశాడు, పోలీసును చూసినవాడిలా. మామూలుగా అయితే శుభ్రమ్మ సబ్బు చూపించేది. ఇవాళ చూడనైనా లేదు. ఆయన తనంతట తనే వెళ్ళి కడుక్కుని వచ్చి, చేతులు ముందుకు చాపి చూపించి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

"ఏవండీ, గడ్డ కోసి పారేశాక కూడా ఆ జబ్బు మళ్ళీ ఎందుకొస్తుందనుకుంటున్నారు?"

"నన్నడిగితే? మోటారైతే చెప్తాను."

"ఒకటో రెండో కణాలు మిగులుతాయి. మేమేమో వాటిని విడిగా పెంచాలని చూస్తాం. విడిగా పెడితే బతకడం లేదు. బతికినా వాటి గుణం పోతోంది."

అత్తగారు నల్లద్దాల వెనక నుంచి అంది: "ఒంటరి దొంగ ఎన్నాళ్ళు బతుకుతాడే? వాణ్ణి దాచిపెట్టి, పూటపూటా తిండి పెట్టే ఇల్లొకటి ఎక్కడో ఉంటుంది. ఆ ఇంటివాళ్ళు దొంగలు కాకపోవచ్చు. మంచివాళ్ళే అయ్యుండొచ్చు. గాయంతో వచ్చాడు పాపం అనుకుని తలుపు తీసుంటారు."

శుభ్రమ్మ మందు సీసా మూత బిగించింది. అప్పటికే బిగిసిన మూతను ఇంకా తిప్పుతూనే ఉంది.

*

మంగళవారం పొద్దున రెండు డిష్‌లు ఎంచుకుంది. ఒకదాంట్లో తన అలవాటు ప్రకారం పీచంతా తీసేసింది. చేయి ఎప్పటిలాగే సరిగ్గా ఆగింది. రెండోదాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఉండడం ఎంత కష్టమో ఆవిడకు అప్పుడు తెలిసింది. బుధవారం పొద్దున దాని మూత మీద చేయి వేసి, వేడి గిన్నె తగిలినట్టు వెనక్కి తీసుకుంది. మీడియం మార్చి ఊరుకుంది. మూత మీద పెన్నుతో "నిదానం" అని రాసింది. శుభ్రం చేసినదాని మీద తన పేరు రాయబోయి, ఒక చుక్క మాత్రం పెట్టింది.

గురువారం మధ్యాహ్నం రెండింటికీ రంగు వేసింది. విత్తనపు కణాలను మాత్రమే పట్టుకుని పచ్చగా వెలిగే రంగు అది. మైక్రోస్కోపు గదిలో దీపం ఆర్పి మొదట చుక్క పెట్టిన డిష్ చూసింది. కణాలు ఆరోగ్యంగా, బల్లపరుపుగా, శుభ్రంగా పరుచుకుని ఉన్నాయి. ఎక్కడా వెలుగు లేదు. రెండోదాన్ని పెట్టింది. పీచు మధ్యలో పచ్చటి ముద్దలు, ఊరంతా దీపాలు ఆర్పి పడుకుంటే నాలుగిళ్ళలో మాత్రం మెలకువగా ఉన్నట్టు, వెలుగుతున్నాయి. పీచుకు కాస్త దూరంగా జరిగిన ముద్దల్లో వెలుగు మందగించింది.

తలుపు తోసుకుని చిట్టి వచ్చింది. చేతిలో అట్టపెట్టె. అందులో ఆ పిల్ల కప్పు, స్వెట్టరు, రెండు పుస్తకాలు.

"ముందే సర్దేస్తున్నానక్కా. రేపు అందరి ఎదుటా సర్దుకోలేను."

"ఇంకా ఏమీ తేలలేదు కదే."

"తేలేదేముంది?" పిల్ల పెట్టె కింద పెట్టి అడిగింది. "అక్కా, మీరు ఇంతమంది చేతులు చూశారు. నిజం చెప్పండి. నా చేతిలో ఏదైనా లోపం ఉందా?"

మైక్రోస్కోపు దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. శుభ్రమ్మ అడ్డంగా నిలబడింది. చెప్పేదే. నోటిదాకా వచ్చింది. ఇప్పుడు చెబితే ఈ పిల్లకొక్కదానికే చెప్పినట్టవుతుంది. నింద పడింది నలుగురిలో కదా అనుకుంది. అది నిజమేనో, ఇంకొక్క రోజు గడుపుకోవడానికి మనసు వెతుక్కున్న సాకో ఆవిడకే తెలియలేదు.

"రేపు రా. పెట్టె ఇక్కడే ఉండనీ," అంది.

*

మీటింగు గదిలో పెద్ద మేడమ్, ఇంకో ఇద్దరు డాక్టర్లు, చిట్టి. శుభ్రమ్మకు ఆ గదిలో పని లేదు. ట్రే పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

మేడమ్ గొంతు పెంచే మనిషి కాదు. "నీ చదువులో లోపం లేదమ్మా. చేయి కుదరడం లేదు, అంతే. ఇది ఎవరికైనా జరుగుతుంది. ఇంతకుముందు పొడుగబ్బాయి అని ఒకతను ఉండేవాడు, అతనికీ ఇంతే. మూడేళ్ళు ఉంచి అతని కాలం పాడుచేశాను. నీకు అలా జరగకూడదు."

"మేడమ్, ఒక్క మాట," అంది శుభ్రమ్మ.

అందరూ తిరిగి చూశారు. ట్రేలో రెండు డిష్‌లు చిన్నగా చప్పుడు చేశాయి. ఆవిడ ట్రేను రెండు చేతులతో పట్టుకుంది.

"చేయి కుదరనిది ఆ పిల్లకు కాదు మేడమ్. నాకే మరీ ఎక్కువ కుదిరింది."

మొత్తం చెప్పింది. పొద్దున్నే రావడం, రోజూ పీచు తీయడం, ఎక్కడా రాయకపోవడం, సోమవారం చూసింది, లైటు బాగాలేదని నిదానంతో అనడం, చూడకుండానే పారేసిన మూడు డిష్‌లు. ఒక్కటీ వదల్లేదు. చెబుతున్నంతసేపూ చిట్టి వైపు చూడలేదు.

మేడమ్ లేచి ట్రే అందుకుని మైక్రోస్కోపు గదిలోకి వెళ్ళింది. ఆవిడ తిరిగి వచ్చేసరికి ఇద్దరు డాక్టర్ల టీలు మీగడ కట్టాయి.

"పీచు ఒక్కటి కూడా మిగలకూడదని నీకు ఎవరు చెప్పారు?" అని అడిగింది మేడమ్.

శుభ్రమ్మకు ఆ రోజు, ఆ గొంతు గుర్తున్నాయి. "ఎవరో చెప్పారు మేడమ్. పదకొండేళ్ళయింది."

"ఎవరో కాదు. నేనే." మేడమ్ కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అవి లేకపోతే ఆవిడ ముఖం వేరేలా ఉంది, ముసలిగా. "ఒక్క పోగు మిగిలినా పనికిరాదన్నాను. నువ్వు నా మాట విన్నావు. నేనేమో నా పద్ధతిని ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఎవరి చేతిని అంటే వాళ్ళ చేతిని అనుమానించాను."

డాక్టర్లలో ఒకాయన గొంతు సవరించుకుని, "ఒక్క గడ్డలో చూసినదాన్ని బట్టి అప్పుడే..." అన్నాడు.

"అవును. ఒక్క గడ్డ చాలదు. ఇంకో ఐదు గడ్డల్లో పీచుతో, పీచు లేకుండా పక్కపక్కన పెట్టి చూడాలి. ఈ పీచు వాటికేం అందిస్తోందో పట్టుకోవాలి. అది ఆగితే అవి లొంగుతాయేమో చూడాలి." మేడమ్ చిట్టి వైపు తిరిగింది. "ఈ పని ఇంకెవరికైనా ఇస్తే అన్యాయం. ఉంటావా?"

చిట్టి తలూపింది. ముఖంలో సంతోషం లేదు.

*

వరండాలో శుభ్రమ్మ ఆ పిల్ల వెనకే వెళ్ళింది.

"రోజూనా అక్కా?"

"రోజూ."

"రెండేళ్ళూ?"

"రెండేళ్ళూను."

"నా చేతులు వణుకుతున్నాయేమోనని ఇంట్లో నిండు గ్లాసు పట్టుకుని నిలబడేదాన్ని. నీళ్ళు కదులుతాయేమోనని. మా అమ్మ చూసి ఏమిటే అంటే దాహమేసిందని చెప్పేదాన్ని." పిల్ల గొంతు గట్టిగా లేదు. అందుకే వినడం కష్టమైంది. "నాకు చెప్పి చేయాల్సింది. నా డిష్‌లు అవి."

"నీ మేలు కోరే..."

"తెలుసు. అదే నాకు కోపం. తిట్టడానికి కూడా లేదు." అట్టపెట్టెలోంచి కప్పు తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం నోటుపుస్తకం తెచ్చి ముందు పెట్టి, "ఇవాళ పొద్దున ఈ డిష్‌లకు మీరేం చేశారో రాసి సంతకం పెట్టండి," అంది. శుభ్రమ్మ రాసి సంతకం పెట్టింది.

ఆ తరువాత పక్క ల్యాబుకు వెళ్ళి నిదానం ముందు కుర్చీ వేసుకుంది.

"నేను లేని ఎనిమిది రోజులూ నువ్వేం చేశావో వరసగా చెప్పు."

"ఏమీ చేయలేదక్కా. నా మీద ఒట్టు."

"అదే కావాలి. ఆ ఏమీ చేయకపోవడం ఎలా చేశావో చెప్పు."

నిదానం అనుమానంగా చూశాడు. ఇది కొత్త రకం తిట్టేమోనని ఆలోచించాడు. కాదని తేలాక కాళ్ళు చాపుకుని, జీవితంలో మొదటిసారి గురువు హోదాలో, చాలా నిదానంగా చెప్పసాగాడు. శుభ్రమ్మ మధ్యలో అడ్డు తగలకుండా రాసుకుంది.

*

శనివారం సెలవు. పొద్దున్నే భర్త మోటారు విప్పడానికి వెళ్ళాడు. శుభ్రమ్మ అత్తగారి కంట్లో చుక్క వేసి, చీర మార్చుకుని బస్సెక్కింది. పొడుగబ్బాయి ల్యాబు వదిలేసి కళ్ళజోళ్ళ దుకాణంలో చేరాడని విని నాలుగేళ్ళయింది. ఏ దుకాణమో కనుక్కోవడానికి రెండు వీధులు తిరగాల్సి వచ్చింది.

అతను కౌంటరు వెనక నడుం వంచి కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఒక పెద్దాయన ఊడిన కళ్ళజోడు తెచ్చుకుని వేచి ఉన్నాడు. నూకగింజంత మరను పట్టుకారుతో ఎత్తి, రంధ్రంలో నిలబెట్టి, అతను సన్నటి స్క్రూడ్రైవరుతో బిగిస్తున్నాడు. పట్టుకారు కొన ఇసుమంత కూడా కదల్లేదు. శుభ్రమ్మ చేతులు చూసి పనితనాన్ని అంచనా వేసే మనిషి. గుమ్మంలోనే నిలబడి ఆ మర పూర్తిగా బిగిసేదాకా చూసింది.

"అక్కా! మీరేంటి, చత్వారం వచ్చిందా?" అన్నాడు తలెత్తి.

"నీతో ఒక మాట చెప్పి పోదామని వచ్చాను."

చెప్పింది. అతని డిష్‌లలో కూడా రోజూ తను పీచు తీసేసిన సంగతి, పెద్దాయన వింటున్నా, దాచలేదు. పొడుగబ్బాయి వింటూనే రెండో మర తీశాడు. దాన్ని కూడా బిగించాడు. కళ్ళజోడు తుడిచి పెద్దాయనకిచ్చాడు. ఆయన పెట్టుకుని, అటూ ఇటూ తలతిప్పి, వాళ్ళిద్దరినీ ఒకసారి చూసి, డబ్బిచ్చి వెళ్ళిపోయాడు.

"ఇప్పుడా చెప్పడం?"

"ఇప్పుడే తెలిసింది నాయనా. మొన్నటిదాకా నీ చేతిదే తప్పనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను." అతను పట్టుకారును దాని పెట్టెలో పెట్టి మూత మూశాడు. "ఇక్కడ చేరాక ఏడాదిపాటు ఈ మరల పని ముట్టుకోలేదు. పక్కవాడికిచ్చి, నేను అద్దాలు తుడుస్తూ కూర్చునేవాణ్ణి."

శుభ్రమ్మ క్షమించమని అడగడానికి వచ్చింది గాని, ఆ మాట ఇక్కడ చాలా చిన్నదిగా తోచింది. సంచి భుజానికి తగిలించుకుంది.

"వస్తాను మరి."

ఆవిడ గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి అడిగాడు. "ముద్దలు గుండ్రంగా ఉన్నాయా అక్కా?"

"గుండ్రంగానే ఉన్నాయి."

"అంచులు మెరుస్తాయంటారు. నేనెప్పుడూ చూడలేదు."

"మెరుస్తాయి. పీచును ఆనుకుని ఉన్నంతసేపే."

అతను కౌంటరు చుట్టి వచ్చి, కళ్ళు పరీక్షించే కుర్చీని ఆవిడ వైపు తిప్పాడు.

"కూర్చోండి. ఎన్నో రోజుకు కనిపించాయి, పీచు ఎంత ఒత్తుగా ఉంది, ఏ మీడియం, అన్నీ చెప్పండి."

శుభ్రమ్మ కూర్చుంది. అతను బిల్లు పుస్తకం వెనక్కి తిప్పి, ఖాళీ పేజీ చూసుకుని పెన్ను తీశాడు.